ద్వీపాంతర ఖైదీల కోర్టు కాగితాలు: కడప, కర్నూలు సీమ

రేనాటి పల్లెల్లో తాతముత్తాతల ముచ్చట వచ్చినప్పుడు, ఊరు విడిచి పోయి తిరిగి రాని మనిషి గురించి ఎవరిని అడిగినా ఒకటే మాట వినబడుతుంది: అండమానుకు పంపినారంట. ఎప్పుడు పంపారు, ఏ కోర్టు పంపింది, ఏ నేరానికి పంపింది అని అడిగితే జవాబు ఉండదు. మనిషి జాడ ఆ ఒక్క మాటతో ఆగిపోతుంది. నిజానికి ఆ మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, వయసు, ఒంటిమీది గుర్తులు కాగితం మీద ఎక్కి ఉండే అవకాశం చాలా ఎక్కువ. పన్ను కట్టినవాడి పేరుకంటే శిక్ష పడినవాడి వివరాలనే కంపెనీ దొరతనం శ్రద్ధగా రాసుకుంది. కడప, కర్నూలు ప్రాంతాల నుంచి సముద్రం దాటించిన ఖైదీల విచారణ పత్రాలు ఎలా పుట్టాయి, ఏ దారిన ఎక్కడికి చేరాయి, ఇవాళ వాటిని ఎలా పట్టుకోవాలి అన్నది ఈ వ్యాస విషయం.

పరాభవ సంవత్సరం

ఈ సీమలో ద్వీపాంతర శిక్ష అనగానే గుర్తుకొచ్చేది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు. నొస్సం పాలెగారు జయరామిరెడ్డికి ఆయన దౌహిత్రుడు. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేశాక, 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్ళ అధికారాన్ని ఊడబెరికాడు. మిగిలింది భరణం. అందులో నరసింహారెడ్డి వంతుకు నెలకు వచ్చింది పదకొండు రూపాయల చిల్లర. నొస్సం భరణం ఆగిపోవడం, ఊళ్ళ కాపలా కాసే కట్టుబడివాళ్ళ ఇనాం భూములను సర్కారు లాక్కోవడం కలిసి రగిలించిన మంట 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా దాకా వచ్చింది. అక్టోబరులో ఆయన పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో కలెక్టరు కాక్రేన్ సమక్షంలో ఉరి తీశారు. తలను 1877 దాకా కోట గోడమీద వేలాడదీసి ఉంచారు.

నరసింహారెడ్డి కథ అందరికీ తెలుసు. పాటల్లో ఉంది, 2019లో సినిమాగా కూడా వచ్చింది. ఆయన వెంట నడిచినవాళ్ళ కథే ఎవరికీ తెలియదు. దాదాపు వెయ్యిమందిమీద వారంట్లు పుట్టాయి. వారిలో 412 మందిని నేరం మోపకుండానే వదిలేశారు, 273 మందిని జామీనుమీద విడిచారు, 112 మందికి శిక్ష వేశారు. ఈ 112 మంది రైతులు, బోయలు, కట్టుబడులు, పేరు లేని కూలీలు. వీళ్ళకు అయిదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా శిక్షలు పడ్డాయని, కొందరిని అండమానుకు పంపారని ఈ విషయంమీద వచ్చే రాతలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి చెబుతూ వస్తున్నాయి.

అండమాను మాటను ఇక్కడే సరిచూసుకోవాలి. పోర్టుబ్లెయిరులో ఖైదీల వలస మొదలైంది 1858 మార్చిలో. డాక్టరు వాకర్ రెండు వందల మంది ఖైదీలతో అక్కడ దిగాడు. వాళ్ళు 1857 పోరాటంలో పట్టుబడినవాళ్ళు. సెల్యులార్ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. అంటే 1847లో శిక్ష పడినవాడు ఆ ఏడు అండమానుకు పోవడం కుదిరే పనే కాదు. తప్పు చెప్పారని పెద్దవాళ్ళను నిందించనక్కరలేదు. తర్వాతి కాలంలో సముద్రం దాటించే శిక్షకు అండమాను అన్నదే మారుపేరు అయిపోయింది. అయితే ఈ పొరపాటు మోసేవాళ్ళు ఎందరో ఢిల్లీలోని అండమాను దస్త్రాలు తిరగేసి, ఏమీ దొరక్క, కాగితాలే లేవనుకుని వెనుదిరుగుతారు. కాగితాలు ఉన్నది మరో తోవలో.

సింగపూరు గచ్చు

1858కి ముందు మద్రాసు రాజధాని ఖైదీలను పంపిన చోట్లు వేరు. మొదట సుమత్రాలోని బెంకూలెన్. ఆ తర్వాత పినాంగ్, మలక్కా, సింగపూరు. బర్మాలో తెనాసరీం తీరం, అంటే మౌల్మీన్ వైపు. 1825లో బెంకూలెన్ డచ్చివాళ్ళ చేతికి పోయినప్పుడు అక్కడి ఖైదీలను సింగపూరుకు మార్చారు. ఆ ఏడాది ఏప్రిల్ 18న హొరేషియో అనే ఓడలో దిగిన మొదటి జట్టులో ఉన్నవాళ్ళు ఎనభై మంది, వాళ్ళంతా మద్రాసు ఖైదీలే. సింగపూరు ఊరుగా పుట్టి అప్పటికి ఆరేళ్ళు.

ఆ ఊరి రోడ్లు, వంతెనలు, దీపస్తంభాలు, సర్కారు భవనాలు చాలావరకు భారత ఖైదీల చేతిమీదుగా లేచినవే. ఖైదీల సూపరింటెండెంటుగా పనిచేసిన మెక్‌నెయిర్ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఆ పనులన్నిటినీ వివరంగా రాశాడు. 1850లలో మొదలుపెట్టి కట్టిన సెయింట్ ఆండ్రూస్ చర్చి గోడలకు పూసిన గచ్చును అక్కడ ఇప్పటికీ మద్రాసు సున్నం అంటారు. గవ్వల సున్నంలో కోడిగుడ్ల తెల్లసొన, ముతక చక్కెర వేసి ముద్దగా నూరి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళతో కలిపి గోడకు పట్టిస్తారు. ఆరాక రాతితో రుద్ది రుద్ది నిగ్గు తేలుస్తారు. గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు పోసి మిద్దెలు కట్టిన సీమవాళ్ళకు ఈ పద్ధతి కొత్తగా ఏమీ అనిపించదు. సముద్రం దాటి పోయింది మనుషులు మాత్రమే కాదు, వాళ్ళ చేతిపని కూడా పోయింది. ఆ గోడల వెనక ఉన్న పేర్లను వెతకడానికి సింగపూరు జాతీయ పురాభిలేఖాలయంలో ఉన్న జలసంధి వలసల (పినాంగ్, మలక్కా, సింగపూరుల) దస్త్రాలు ఒక పెద్ద ఆధారం. 1867 దాకా ఆ వలసలు భారత ప్రభుత్వం కిందే ఉన్నాయి. ఆ ఏడు నేరుగా లండను కిందికి పోయాయి. 1873 నాటికి అక్కడ మిగిలిన ఖైదీలను అండమానుకు తరలించారు. 1847లో పోయినవాడు పాతికేళ్ళ తర్వాత అండమాను జాబితాలో కనబడితే ఆశ్చర్యపోనక్కరలేదు. ఇంట్లోవాళ్ళు చెప్పిన అండమాను మాట నిజమయ్యే దారి ఉన్నదంటే ఇదొక్కటే.

మరొక జాగ్రత్త. శిక్ష పడ్డ ప్రతివాడూ ఓడ ఎక్కలేదు. ద్వీపాంతరం వేసింది పెద్ద నేరాలకు, పెద్ద శిక్షలకు. అయిదారేళ్ళ శిక్ష పడినవాడు కాళ్ళకు ఇనుప సంకెళ్ళతో ఈ దేశంలోనే రోడ్డు పని చేసి ఉండవచ్చు. కాబట్టి ముందు చూడవలసింది తీర్పు, ఆ తర్వాతే ఓడ.

కచేరి నుంచి ఫౌజుదారీ అదాలతు దాకా

తీర్పు ఎక్కడుందో తెలియాలంటే కేసు ఎక్కిన మెట్లు తెలియాలి. 1802 నాటి చట్టాలతో మద్రాసు రాజధానిలో జిల్లా కోర్టులు, వాటిపైన తిరిగి తిరిగి విచారించే సర్క్యూటు కోర్టులు, అన్నిటిపైన మద్రాసులో ఫౌజుదారీ అదాలతు ఏర్పడ్డాయి. కడప సీమ కేసులు మధ్యమండలానికి, అంటే చిత్తూరు కోర్టుకు చెందేవి. 1816లో కలెక్టరుకే మేజిస్ట్రేటు అధికారం వచ్చింది. 1843లో సర్క్యూటు కోర్టులు ఎత్తేసి జిల్లా సెషన్స్ జడ్జీలను పెట్టారు. 1862లో మద్రాసు హైకోర్టు వచ్చేదాకా ఫౌజుదారీ అదాలతు నడిచింది.

అప్పుడు నడిచిన నేరచట్టం మార్పులు చేసిన ఇస్లామీ చట్టం. కోర్టులో మౌల్వీ ఫత్వా ఇచ్చేవాడు, జడ్జి దాన్ని ముందుంచుకుని తీర్పు రాసేవాడు. ఉరి, యావజ్జీవం లాంటి శిక్షలకు మద్రాసు ఖాయం చేయాలి. వెతికేవాడికి కలిసొచ్చేది ఈ ఖాయం చేయడమే. ఒక రైతు కోయిలకుంట్ల తహశీలుదారు ముందు చెప్పిన వాంగ్మూలం తెలుగులోనో మరాఠీలోనో రాస్తే, దాని సారం ఇంగ్లీషులో కడపకు పోయింది, కడప నుంచి మద్రాసుకు పోయింది. గవర్నరు కౌన్సిలు ముందుకు వస్తే న్యాయశాఖ సంప్రదింపుల్లో ఎక్కింది. పెద్ద విషయమైతే మరో నకలు లండనులో కంపెనీ డైరెక్టర్లకు పోయింది. ఒకచోట చెదలు తిన్న కాగితం మరోచోట చెక్కుచెదరక ఉంటుంది. మద్రాసు ఎగ్మూరులోని తమిళనాడు పురాభిలేఖాలయం, లండనులోని బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు విభాగం అందుకే రెండూ చూడాలి. లండనులో మద్రాసు న్యాయశాఖ సంప్రదింపులు ఒక వరుస, కంపెనీమీద నిఘా ఉంచిన బోర్డ్ ఆఫ్ కంట్రోలుకు కట్టలు కట్టి పంపిన పత్రాలు మరో వరుస. నరసింహారెడ్డి అల్లరి లాంటి పెద్ద కేసుకు రెండో వరుస ఎక్కువ పనికొస్తుంది. అందులో ఒక విషయానికి సంబంధించిన ఉత్తరాలన్నీ ఒకేచోట ఉంటాయి.

ఏ జిల్లా కాగితం

ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల ఇవాళ నంద్యాల జిల్లాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. 1846లో మాత్రం కడప జిల్లావి. కోయిలకుంట్ల, కంభం, మార్కాపురం వంటి తాలూకాలు కడప నుంచి, పత్తికొండ బళ్ళారి నుంచి కర్నూలుకు వచ్చి కలిసింది 1858లో. కర్నూలు పట్టణం 1839 దాకా నవాబుది. ఆ ఏడు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పదవి నుంచి దించి తిరుచిరాపల్లికి పంపారు. అప్పటి నుంచి 1858 దాకా కర్నూలుకు వేరే అధికారి, వేరే పద్ధతి. నట్టనడుమ బనగానపల్లె 1948 దాకా నవాబు సంస్థానంగా వేరుగా ఉండిపోయింది. పొలం గట్టు దాటితే కోర్టు మారిపోయే సీమ ఇది. ఇంటి పెద్దలు చెప్పే ఊరు పేరును మొదట ఆ కాలపు తాలూకాలో, ఆ తాలూకాను ఆ కాలపు జిల్లాలో పెట్టుకోకుండా వెతకడం మొదలుపెడితే నెలలు వృథా. కంభం, మార్కాపురం ఊళ్ళవాళ్ళు 1970లో ప్రకాశం జిల్లాలో కలిశారన్నది మరో మెలిక.

జిల్లా దస్త్రాల్లో కొంత భాగం మద్రాసులో, కొంత హైదరాబాదు తార్నాకలోని పురాభిలేఖాలయంలో ఉంది. ఊళ్ళ నేపథ్యం పట్టుకోవడానికి గ్రిబుల్ 1875లో రాసిన కడప జిల్లా మాన్యువల్, నరహరి గోపాలకృష్ణమ్మ చెట్టి 1886లో రాసిన కర్నూలు జిల్లా మాన్యువల్ మంచి తోడు. పాలెగాళ్ళ వంశాల గురించి మెకంజీ సేకరించిన కైఫీయత్తులు, అంటే స్థానిక చరిత్రలు ఉన్నాయి. కడప జిల్లా కైఫీయత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయం అచ్చువేసింది.

ఇంట్లో దొరికే తేదీ సాధారణంగా సంవత్సరం పేరుగానో కరువు పేరుగానో ఉంటుంది. దాన్ని చిన్నచూపు చూడవద్దు. పరాభవ అంటే 1846 ఉగాది నుంచి 1847 ఉగాది దాకా. నందన కరువు 1832–33. ధాత కరువు 1876లో మొదలైంది. రెవెన్యూ కాగితాల్లో ఇదే లెక్క ఫసలీలో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం. నరసింహారెడ్డి తిరుగుబాటు నడిచిన ఫసలీ 1256. ముత్తాత ధాత కరువుకు ముందే పోయాడని ఒక ముసలమ్మ చెప్పిన మాట కొన్ని వందల కట్టలను పక్కకు నెట్టేస్తుంది.

పేరు పట్టుకోవడం

వెతకడంలో మనుషులు ఎక్కువగా ఓడిపోయేది పేర్ల దగ్గర. ఆనాటి కాగితంలో ఇంటిపేరు అరుదు. కులం ముందు, పేరు వెనక: బోయ ఫలానా, కాపు ఫలానా. ఓబులేసులు, చిన్నోబులేసులు, పెద్దోబులేసులు ఒకే జాబితాలో అరడజను మంది ఉంటారు. ఇంగ్లీషు గుమాస్తా చెవికి తగిలినట్టు రాశాడు. కడప కడ్డపా అయినట్టే ఊళ్ళూ మనుషులూ మారిపోయారు. నరసింహ అనే పేరును ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ వెతకాలి. జాతిపేర్లు మరీ చిక్కు. మద్రాసు ఇంగ్లీషు కాగితాల్లో తెలుగువాణ్ణి జెంటూ అన్నారు. పినాంగ్, సింగపూరుల్లో దక్షిణాదివాళ్ళందరినీ క్లింగ్ అన్నారు, ఆ మాట కళింగ నుంచి పుట్టింది. బర్మాలో తెలుగువాడు కోరంగి ఓడరేవు పేరుతో కోరంగీ అయ్యాడు. తెలుగు అనే మాటతో వెతికేవాడికి ఈ మూడూ తగలవు.

కోర్టు తెలుగు కూడా వేరే తెలుగు. ఇజహారు అంటే వాంగ్మూలం. మహజరు అంటే పదిమంది సంతకాలతో రాసిన సాక్ష్యపత్రం. ముద్దాయి, జామీను ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఫార్సీ, హిందుస్తానీ, మరాఠీ కలగలిసిన ఈ కచేరీ భాష కోసమే సి.పి. బ్రౌన్ 1854లో మిశ్రభాషా నిఘంటువు వేశాడు. కడపలో కొలువు చేసి ఈ మాటలను ఆయన స్వయంగా విన్నాడు. పాత ఫౌజుదారీ కాగితం ముందు కూర్చునేవాడి దగ్గర ఆ చిన్న పుస్తకం ఉండాలి.

జాబితాలో ఒక్క వరుసను దగ్గరగా చూద్దాం. మొదట నంబరు. తర్వాత పేరు, తండ్రి పేరు, కులం, వయసు, ఊరు, జిల్లా. నేరం, శిక్ష వేసిన కోర్టు, తేదీ, శిక్షాకాలం. చివర ఎత్తు, ఒంటి గుర్తులు. ఎడమ మోకాలిమీద కాలిన మచ్చ, చెవికి పోగు కుట్టిన రంధ్రం, మశూచి గుంటలు, ముంజేతిమీద పచ్చబొట్టు. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న గుర్తులివి. ఫొటో అంటే ఏమిటో ఎరగని ఊళ్ళో ఒక మనిషి రూపం ఇంతకంటే దగ్గరగా మరెక్కడా నిలవలేదు. యావజ్జీవ ఖైదీలకు నొసటిమీద నేరం పేరు పచ్చ పొడిచే పద్ధతి కూడా ఉండేది. దాన్ని 1849 చట్టంతో ఆపారు. నరసింహారెడ్డి అనుచరులకు శిక్ష పడిన నాటికి ఆ చట్టం ఇంకా రాలేదు.

ఆస్ట్రేలియా వైపు చూస్తే

ఖైదీ పూర్వీకుల వెతుకులాటలో ప్రపంచంలో అందరికంటే ముందున్నది ఆస్ట్రేలియా. 1788 నుంచి 1868 దాకా బ్రిటను, ఐర్లండుల నుంచి అక్కడికి పంపిన ఖైదీలు సుమారు 1,62,000 మంది. ఒకప్పుడు ఖైదీ వంశం అని చెప్పుకోవడానికి అక్కడివాళ్ళు సిగ్గుపడేవారు, కుటుంబాలు ఆ సంగతి దాచిపెట్టేవి. ఇప్పుడు మొదటి ఓడల్లో వచ్చినవాడు మా ముత్తాత అని చెప్పుకుంటారు. ఖైదీల కాగితాలను 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. లండను ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణలు, ఓడ జాబితాలు, సెలవు చీటీలు అన్నీ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. దొంగిలించిన రుమాలు దగ్గర నుంచి సిడ్నీలో కొన్న పొలం దాకా ఒక మనిషి బతుకును కాగితం వెంట కాగితంగా కూర్చుకోవచ్చు.

ఆ పటంలో మన సీమకూ ఒక దారం ఉంది. భారతదేశంలో కోర్టు మార్షల్ అయిన తెల్ల సిపాయిలను ఆస్ట్రేలియా వలసలకు పంపేవారు. మద్రాసులో 1801 నుంచి ఉన్న సుప్రీంకోర్టు తెల్లవాళ్ళ నేరాలు విచారించేది. ఒకే రాజధానిలో నేరం చేసిన తెల్ల సోల్జరు న్యూసౌత్‌వేల్స్‌కు పోయాడు, పల్లె రైతు పినాంగుకు పోయాడు. సోల్జరు వంశంవాళ్ళు ఇవాళ అతని పేరు కంప్యూటరులో కొట్టి చూసుకుంటున్నారు. రైతు వంశంవాడికి ఎగ్మూరులో చీటీ రాసి కట్ట తెప్పించుకోవడం తప్ప మరో దారి చాలాకాలం లేదు. ఈ తేడాకు కారణం కాగితం లేకపోవడం కాదు. కాగితం ఉంది, అచ్చం అలాంటి కాగితమే ఉంది. దాన్ని వరుస పెట్టి జనం ముందు ఉంచినవాళ్ళు లేరు. హిందూ మహాసముద్రంలో తిరిగిన భారత ఖైదీలమీద చరిత్రకారిణి క్లేర్ ఆండర్సన్ చేసిన పని ఈ కాగితాల విలువ చూపించింది. నా మట్టుకు, ఈ 112 పేర్లను ఊరివారీగా తెలుగులో అచ్చువేయడం సీమ చరిత్రలో చేయవలసిన మొదటి పనుల్లో ఒకటి. కోటగోడమీద ఒక తల ముప్పై ఏళ్ళు వేలాడింది గనక ఆ పేరు మిగిలింది. తక్కినవాళ్ళకు ఆ కాగితమే మిగిలింది.

1858 తర్వాత

అండమాను కాలంలో పని కొంత సులువు, కొంత కష్టం. 1862 నుంచి శిక్షాస్మృతి అమలులోకి వచ్చింది. హత్యకు, బందిపోటు దోపిడీకి ద్వీపాంతరం అందులో రాసిపెట్టి ఉంది. కర్నూలు, కడప జిల్లాల్లో ధాత కరువు కాలం ధాన్యం దోపిడీల కాలం కూడా. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా తన జనంలో దాదాపు నాలుగో వంతు పోగొట్టుకుంది. గాదె పగలగొట్టినవాడు కోర్టు కాగితంలో బందిపోటు అయ్యాడు. ఆ ఏళ్ళ సెషన్స్ తీర్పులు చదివేటప్పుడు నేరం పేరుతో పాటు ఏం ఎత్తుకుపోయారో కూడా చూడాలి. జొన్నలు, కొర్రలు కనబడితే అది ఆకలి కేసు.

1942 నుంచి 1945 దాకా జపానువాళ్ళ ఆక్రమణలో పోర్టుబ్లెయిరు కాగితాలు చాలా నశించాయి. కానీ అక్కడి నుంచి హోంశాఖకు వచ్చిన ఉత్తరాలు ఢిల్లీ జాతీయ పురాభిలేఖాలయంలో పోర్టుబ్లెయిరు శాఖ పేరుతో ఉన్నాయి. వాటి పట్టికల్లో కొంత భాగం అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైటులో చూడవచ్చు. 1945తో అండమాను ఖైదీల వలస ముగిసింది. శిక్షాస్మృతిలో ద్వీపాంతరం అన్న మాట మాత్రం 1955 సవరణ దాకా ఉండిపోయింది. 1956 జనవరి నుంచి అది యావజ్జీవ కారాగారం అయింది. అందుకే 1950ల తీర్పులో ద్వీపాంతరం అని కనబడినా ఆ మనిషి సముద్రం దాటి పోలేదని అర్థం చేసుకోవాలి.

ఊళ్ళో ఉండి చేయగల వెతుకులాట కూడా ఒకటుంది. 1858 తర్వాత ఇనాం కమిషన్ ఊరూరా తిరిగి ప్రతి ఇనాం భూమి పుట్టుక రాసింది. ఆ ఇనాం రిజిస్టర్లలో భూమి ఎవరిది, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, ఏ సేవకు ఇచ్చింది అన్నీ ఉంటాయి. ఉయ్యాలవాడ చుట్టుపక్కల ఒక కట్టుబడి ఇనాం 1846 ప్రాంతంలో తెగిపోయి, అన్నకు బదులు తమ్ముడి పేరో, కొడుకుకు బదులు కోడలి పేరో అక్కడ కనబడితే, ఆ తెగిన చోట రాసుకోవలసిన పేరు ఒకటుంది. దాన్ని, తండ్రి పేరుతో సహా, ఒక చీటీమీద రాసుకుని ఎగ్మూరు పోవాలి. అక్కడ అడగవలసింది 1846 జూలై నుంచి 1848 దాకా కడప జిల్లా మేజిస్ట్రేటు ఉత్తరాలు, అదే కాలపు న్యాయశాఖ సంప్రదింపులు, వాటితో పాటు పినాంగ్, మౌల్మీన్లకు ఓడలెక్కినవాళ్ళ జాబితాలు.